అమావాస్య పడవ

హిందూపురంలో ఒక గుమాస్తా, పెనుకొండలో ఒక లెక్కల మాస్టారు, ధర్మవరంలో ఒక నేతగాడు ఉండేవాళ్లు. ముగ్గురూ 1962లో పుట్టినవాళ్లు, పెనుకొండ హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. పదో తరగతి కాగానే ఒకడు నాన్న పక్కన గుంట మగ్గంలోకి దిగాడు. తక్కిన ఇద్దరూ అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ చదివి సర్కారు కొలువుల్లో చేరారు. మూడు ఊళ్లూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి కాబట్టి స్నేహం తెగలేదు.

ఈ ముగ్గురికీ ఒక కోరిక పుట్టింది. తెరచాప పడవ నడపాలని.

ఈ సీమలో పుట్టాల్సిన కోరిక కాదది. హిందూపురం నుంచి తూర్పుకు పోయినా, పడమరకు పోయినా రెండువందల యాభై కిలోమీటర్లు దాటితే గాని సముద్రం కనపడదు. నంది కొండల్లో పుట్టిన పెన్న హిందూపురం పక్కనుంచే పోతుందని పటంలో ఉంటుంది. ఏట్లో ఇసుకే గాని నీళ్లు చూసిన ఏళ్లు తక్కువ. ధర్మవరం చెరువు పెద్దదే. క్రియాశక్తి ఒడెయరు కట్టించాడని చెప్పుకుంటారు. కానీ చిత్రావతి పారిన ఏడే అది చెరువు, పారని ఏడు గొర్రెలు మేసే బీడు. గాలికి మాత్రం కొదవ లేదు. ఆషాఢం వచ్చిందంటే పెనుకొండ కోట కింద నడిచేవాడి పంచె ఒంటి మీద నిలవదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. తెరచాపకు కావలసినవి రెండు. ఒకటి ఇక్కడ ధారాళంగా ఉంది, రెండోది లేదు.

కోరికను ఊళ్లోకి తెచ్చినవాడు గుమాస్తా. 1990ల మొదట్లో ఒక ఫైలు చంకన పెట్టుకుని హైదరాబాదు సచివాలయానికి పోయాడు. సంతకం పెట్టాల్సిన దొర సాయంత్రం రమ్మన్నాడు. అందాకా ఎటు పోవాలో తెలీక నడుచుకుంటూ పోయి హుస్సేన్ సాగర్ గట్టున కూర్చున్నాడు. నీళ్ల మీద తెల్ల తెరచాపలు తిరుగుతున్నాయి. సికింద్రాబాదు సైన్యం వాళ్ల పడవలని వేరుశెనక్కాయలమ్మే ముసలాయన చెప్పాడు. ఇంజను చప్పుడు లేదు, తెడ్డు వేసేవాడు లేడు. అంతకన్నా ఆశ్చర్యం, గాలి తన మొహానికి కొడుతోంది, పడవలేమో ఆ గాలి వచ్చే దిక్కుకే పోతున్నాయి. గాలి తోసినవైపు పోయేది పడవని ఎరుగును గాని, గాలికి ఎదురు పోయే పడవ ఉంటుందని అతనికి ఆనాటిదాకా తెలీదు. దొర సంతకం ఆ రోజు పడలేదు. గుమాస్తా మర్నాడు కూడా గట్టునే కూర్చున్నాడు.

పెనుకొండ స్టేషన్లో, టీ కొట్టు బల్ల మీద, ఆ సంగతంతా చెప్పాడు.

“మనమూ ఒకసారి నడపల్లరా.”

“ఎప్పుడు?” అన్నాడు మాస్టారు.

“రిటైరైనంక. ఇప్పుడు యాడయితాది, పిల్లోళ్లు, ఉద్యోగం... రిటైరైతే అంతా టైమే కదా.”

నేతగాడు నవ్వాడు. “మీకంటే గవర్నమెంటు చెప్తాది, ఈ పొద్దుతో చాలు ఇంటికి పో అని. నాకెవరు చెప్తారప్పా?”

ఆ మాటకు ముగ్గురూ నవ్వుకున్నారు. నవ్వి, ఒట్టేసుకున్నారు.

లెక్కల మాస్టారు అక్కడికక్కడే లెక్క కట్టాడు. రిటైర్మెంటు 58కి. 1962లో 58 కలిపితే 2020. ఆ అంకెను ఇంటి గోడ మీద క్యాలెండరు మేకు పక్కన పెన్సిలుతో రాసుకున్నాడు. ఆ అంకె ఆయన్ను రెండుసార్లు మోసం చేసింది. రాష్ట్రం రెండయిన 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 58ని 60 చేసింది. పెన్సిలు గీత కొట్టేసి 2022 రాశాడు. తీరా 2022 జనవరి వచ్చేసరికి 60 కాస్తా 62 అయింది. మళ్లీ కొట్టేసి 2024 రాశాడు. జీతం వచ్చే రెండేళ్లను కాదనే మాస్టారు ఈ భూమ్మీద ఉండడు, ఈయనా కాదనలేదు. స్టాఫ్‌రూములో స్వీట్లు పంచాడు.

గుమాస్తా తీరు వేరు. ఆయన ఒక ఫైలు తెరిచాడు. ఆఫీసు అట్టే, ఆఫీసు ఎర్ర ట్యాగే. పైన పెద్దక్షరాలతో ‘తెరచాప’ అని రాశాడు. అందులో పేపరు కత్తిరింపులు తేదీల వరసన పేరుస్తూ పోయాడు. ఇంగ్లండు పెద్దాయన ఫ్రాన్సిస్ చిచెస్టర్ ఒంటరిగా భూమి చుట్టూ తెరచాప మీద తిరిగి 1967 మేలో ప్లిమత్ రేవు చేరినప్పుడు ఆయనకు 65 ఏళ్లు. 2009లో బయల్దేరి 2010 మేలో తిరిగొచ్చిన మన నౌకాదళం కమాండర్ దిలీప్ దోండే, ఒంటరిగా భూమిని చుట్టిన మొదటి భారతీయుడు. 2013లో ఎక్కడా ఆగకుండా చుట్టి వచ్చిన అభిలాష్ టామీ. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’ మీద బయల్దేరిన ఆరుగురు ఆడపిల్లలు, వాళ్లలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. ఆ ఇద్దరి ఫొటో మాత్రం ఫైల్లో కాదు, ఆఫీసు బల్ల గాజు కింద పెట్టుకున్నాడు. 2022లో జపాను ముసలాయన కెనిచి హోరియే 83 ఏళ్ల వయసులో ఒక్కడే పసిఫిక్ దాటాడని చదివినప్పుడు, ఆ రాత్రి ఇద్దరికీ ఫోన్లు చేశాడు. “చూసినావా, ఎనభై మూడు! మనకింకా ఇరవై ఏళ్లుంది!”

ఇక నేతగాడు. ఆయన దగ్గర పెన్సిలు అంకె లేదు, ఫైలు లేదు. ఒక్కటే ఉంది, అమావాస్య. వాళ్లింట్లో తాతల నాటి నుంచీ అమావాస్యనాడు మగ్గంలోకి దిగరు. తక్కిన రోజుల్లో పొద్దున దిగితే రాత్రే పైకి రావడం. పట్టుచీర దిగితేనే కూలి, దిగకపోతే అప్పు. కానీ అమావాస్యనాడు మాత్రం షావుకారు వచ్చి వాకిట్లో నిలబడి, ముహూర్తాల కాలం, చీర అర్జెంటు అన్నా దిగరు. అది అతని బలమో మొండితనమో కాదు, కట్టుబాటు. దాన్ని ఎవరూ అడగరు. అడిగినా జవాబు చెప్పాల్సిన పని లేదు.

ఆ రోజు ఆయన చెరువుకు పోయేవాడు. నీళ్లున్న ఏళ్లల్లో చేపలవాళ్ల పుట్టి ఎక్కి తెడ్డు వేయడం నేర్చుకున్నాడు. ముప్పై దాటాక ఈత నేర్చుకున్నాడు, నవ్వే పిల్లకాయల మధ్య, నడుముకు ఎండు సొరకాయ కట్టుకుని. పుట్టికి ఒక కర్ర నిలబెట్టి పాత ధోవతి కట్టి చూశాడు. పుట్టి గుండ్రం కాబట్టి గాలికి గిరగిరా తిరిగిందే గాని ముందుకు పోలేదు. “పడవకు ఒక ముక్కుండాల, నీళ్లల్లోకి దిగే ఒక పలకుండాల, లేకుంటే పక్కకి కొట్టుకుపోతాది” అని ఆ పూట అతనికి అర్థమైంది. గుమాస్తా ఫైల్లో అదే విషయం బొమ్మతో సహా పన్నెండో పేజీలో ఉంది.

నీళ్లు లేని ఏళ్లే ఎక్కువ. ఆ ఏళ్లల్లో కూడా పోయాడు. కట్ట మీద గెడ పాతి, చివర జరీ తీసేసిన పట్టు పేలిక కట్టి, రోజంతా దాన్ని చూస్తూ కూర్చునేవాడు. గాలి ఏ పొద్దుకు ఎటు తిరుగుతుంది, ఏ కొండ సందులోంచి ఉరుకుతుంది, వాన వచ్చే ముందు ఎలా ఉన్నట్టుండి చచ్చిపోతుంది, అన్నీ చూశాడు. ఎండిన చెరువు కట్ట మీద పేలిక చూస్తూ కూర్చున్నవాణ్ణి ఊరు ఏమంటుందో చెప్పక్కర్లేదు.

2016 చివర్లో ఒక వింత జరిగింది. శ్రీశైలం వెనకనీళ్లను ఎత్తిపోసుకుంటూ వచ్చే హంద్రీ-నీవా కాలవ పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరింది. కృష్ణ నీళ్లు పెన్న సీమకు! ముగ్గురూ పోయి చూశారు. గుమాస్తాకు కళ్లు చెమర్చాయి. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, ఇంకా ఆరేళ్లే అన్నాడు. నేతగాడు అప్పటికే చొక్కా విప్పి నీళ్లలో ఉన్నాడు.

ఆ తర్వాతి ఏళ్లలో వానలు కూడా పట్టాయి. 2021 నవంబరులో చిత్రావతి ఎలా పొంగిందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. చెరువు నిండింది. నేతగాడు మగ్గాలు చేసే వడ్రంగిని పట్టుకుని, నీళ్లకు ఉబ్బని ప్లైవుడ్డు తెప్పించి, ఇద్దరు పట్టే చిన్న పడవ చేయించాడు. అప్పటికి ఫైల్లోని పన్నెండో పేజీ జిరాక్సు హిందూపురం నుంచి ధర్మవరం చేరింది లెండి, అది గుమాస్తాకు దక్కాల్సిన పేరు. తెరచాప మాత్రం నేతగాడు ఎవరి చేతికీ ఇవ్వలేదు. గుడ్డ సంగతి అతనికి చెప్పేదెవరు? బట్ట పడుగు వెంట లాగితే సాగదు, పేక వెంట లాగినా పెద్దగా సాగదు, ఐమూలగా లాగితే సాగుతుంది. గాలి బరువు ఎక్కువగా తెరచాప వెనక అంచు వెంట పడుతుంది కాబట్టి నూలు ఆ అంచు వెంటే ఉండేట్టు కత్తిరించాలి. చదునుగా కుడితే పనికి రాదు, ముక్కల అంచులు కాస్త వంపు తిప్పి కుడితే గాలి నిండినప్పుడు పొట్ట వస్తుంది. రెండు మూడు తెరచాపలు పాడయ్యాక నాలుగోది కుదిరింది. చెరువు చూసే ఆఫీసులో కాగితం పెట్టించి పని నడిపించింది కూడా గుమాస్తానే. ఒడ్డున ఎప్పుడూ చేపలవాళ్ల పుట్టి ఒకటి కాచుకుని ఉండాలి, లైఫ్ జాకెట్టు లేకుండా ఎవరూ ఎక్కకూడదు అన్నది ఒప్పందం.

2024లో ఇద్దరికీ రిటైర్మెంట్లు అయ్యాయి. శాలువాలు, దండలు, గ్రూపు ఫొటో.

మాస్టారికి మొదటి నెల పెన్షను కాగితాలతో పోయింది. రెండో నెల ఒంగోలులో మేనల్లుడి పెళ్లి, ‘నీకిప్పుడు పనేముంది, పది రోజులు ముందు రా మామా’ అన్నారు. మూడో నెల డాలస్‌లో ఉన్న కొడుకు టిక్కెట్లు పంపాడు. కోడలికి పురుడు. అక్కడ ఆరు నెలలు. ఒక ఆదివారం గుడి నుంచి తిరిగొస్తుంటే లూయిస్‌విల్ సరస్సు మీద నిండా తెరచాపలు కనబడ్డాయి. కారు గంటకు అరవై మైళ్ల మీద పోతోంది. “నాయనా, ఒకసారి అక్కడికి...” అన్నాడు. “నెక్స్ట్ వీకెండ్ నాన్నా” అన్నాడు కొడుకు. ఆ వీకెండు రాలేదు. కొడుకు తప్పేం లేదు, మనవడికి టీకాలు, ఇంటికి గడ్డి కోత, ఆఫీసులో పేజరు డ్యూటీ. తిరిగొచ్చాక బెంగళూరులో కూతురింట్లో మనవరాలిని స్కూలు బస్సు ఎక్కించే పని. పొద్దున ఏడున్నరకు ఎక్కించాలి, మధ్యాహ్నం మూడింటికి దింపుకోవాలి. మధ్యలో ఖాళీనే. ఆ ఖాళీలో కరెంటు బిల్లు, గ్యాసు, ప్లంబరు.

ఒకసారి ఫోన్లో గుమాస్తాతో అన్నాడు. “ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆదివారమన్నా నాదిగా ఉండేదిరా. ఇప్పుడు ఏడు రోజులూ ఆదివారమే అంటారు, ఒక్కటీ నాది కాదు.”

గుమాస్తా కథా అంతే. ఆయనకు హిందూపురం వదిలే పని పడలేదు గాని, హిందూపురమే ఆయన్ను వదల్లేదు. పట్టా పాసుపుస్తకంలో పేరు తప్పు పడినవాడు, వారసత్వ సర్టిఫికెట్టు కావలసినవాడు, అందరూ వాకిట్లోనే. “సార్ రిటైరైనాడంట, ఇప్పుడు ఖాళీనే.” ఆయన నాన్నకూ ఇదే అయింది. ఆయన కూడా తాలూకాఫీసు గుమాస్తానే. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం రిటైర్మెంటు వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, ఒక్క ఉత్తర్వుతో ఇంటికొచ్చేశాడు. కాశీకి పోవాలని ఆయనా రిటైర్మెంటుకు దాచుకున్న మనిషే. కోరిన టైము మూడేళ్లు ముందే చేతికొచ్చింది. ఏం చేశాడు? కోర్టులో కేసు ఏమవుతుందోనని రోజూ పేపరు చూస్తూ అరుగు మీద కూర్చున్నాడు. కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది, వయసు మళ్లీ 58కి పెరిగింది, ఆ ఎన్టీఆరే 1985లో హిందూపురం ఎమ్మెల్యే అయ్యాడు. పెద్దాయన కాశీ మాత్రం పోలేదు. నాన్నకు ప్రభుత్వం మూడేళ్లు ముందే ఇచ్చింది, కొడుక్కు నాలుగేళ్లు ఆలస్యంగా ఇచ్చింది. రెండూ ఒకే అరుగు మీద ఖర్చయ్యాయి.

చివరికి నేతగాడే హిందూపురం వచ్చాడు. ఒక అమావాస్య ముందురోజు, రాత్రి బండికి.

“రేపు పొద్దున నాతో వస్తాండావు.”

“రేపు కుదర్దురా. రేపు ఆ గోరంట్ల ఆయన...”

“గోరంట్ల ఆయనకి అమావాస్యనాడు ఏ పనీ జేయనని చెప్పు. ఎందుకని అడగడు. కారణం చెప్తే వాదిస్తాడు, అమావాస్య అంటే ఊరుకుంటాడు.”

బెంగళూరుకు ఫోను చేసి మాస్టారిని కూడా అదే మాటతో లాగారు. అల్లుడు ఒక రోజు సెలవు పెట్టాడు. పెద్ద విశేషమేం కాదు, అడిగితే పెడతాడు. అంతదాకా ఎవరూ అడగలేదు.

చెరువు కట్ట మీద ముగ్గురూ. గాలి బాగానే ఉంది. మొదట గుమాస్తా ఎక్కాడు. పడవలో ఉన్న ప్రతి వస్తువు పేరూ అతనికి తెలుసు. చుక్కాని ఎటు తిప్పితే పడవ ఎటు తిరుగుతుందో తెలుసు. తెలిసినదంతా తెరచాప కిందున్న అడ్డకర్ర తలకు తగిలిన క్షణాన మాయమైంది. రెండో నిమిషంలో పడవ పక్కకు ఒరిగింది, నీళ్లలో పడ్డాడు. నేతగాడు బోల్తా పడిన పడవ కింద పలక పట్టుకుని దాని మీదికెక్కి నిలబడ్డాడు, పడవ మెల్లగా లేచింది. “పడవను వదలగూడదు. ఏమైనా పడవను పట్టుకో. లైఫ్ జాకెట్టు నిన్ను తేలుస్తాది, పడవ నిన్ను కనపడేట్టు జేస్తాది” అన్నాడు.

మాస్టారి వంతు వచ్చింది. ఒడ్డు ఎక్కడుందో గాలి అక్కణ్ణుంచే వస్తోంది. ఆయన పడవ ముక్కును సూటిగా ఒడ్డుకే పెట్టాడు. తెరచాప పటపటా కొట్టుకుంది, పడవ నిలిచిపోయి వెనక్కి జరగసాగింది.

“ఎదురుగాలికి ఎదురు పోగూడదు సారూ,” అన్నాడు నేతగాడు. చిన్నప్పటి నుంచీ రా అనే మనిషి, పడవలో మాత్రం సారూ అన్నాడు, వెక్కిరింతగా. “అడ్డం పోవల్ల. గాలికి సగం వారగా కుడికి పో, కొంత దూరం పోయినంక ముక్కు తిప్పి ఎడమకు పో. మగ్గంలో నాడె యాడికి పోతాది చెప్పు? కుడికి, ఎడమకు. అంతే కదా. అది ఎప్పుడన్నా ముందుకు పోయిందా? చీర పోతాది ముందుకు.”

లెక్కల మాస్టారు కాసేపు ఆలోచించాడు. నలభై అయిదు డిగ్రీలు, లంబకోణం, కర్ణం... జీవితమంతా పిల్లలకు నల్లబల్ల మీద చెప్పిందే. ముక్కు పక్కకు తిప్పాడు. తెరచాప నిండింది. పడవ ఒడ్డుకు వారగా కదిలింది. మళ్లీ తిప్పాడు. ఆయన నోటి నుంచి ఒక కేక వచ్చింది. ఏ క్లాసులోనూ ఆయన అలా అరిచి ఎరగడు.

మధ్యాహ్నం కట్ట మీద ఓళిగలు తింటూ వాదన పడింది. నేతగాడి భార్య సద్ది తెచ్చింది. ఆమె ముగ్గురి మాటలూ విని, ఉన్నట్టుండి అడిగింది. “అమావాస్య, అమావాస్య అంటాండారు గదా. మగ్గానికి సెలవు. నాకేదప్పా సెలవు? తక్కిన రోజులు కండెలు చుట్టేది, అమావాస్యనాడు ఓళిగలు జేసేది.”

నేతగాడి దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్ల అమావాస్యలు ఎవరి పుణ్యమో అతనికి అప్పుడే కనబడింది. పై అమావాస్య నుంచి ఒకటి ఆయనది, ఒకటి ఆమెది అని ఒప్పందం చేసుకున్నారు. ఆమె పడవ ఎక్కదు, నీళ్లంటే భయం. తన అమావాస్యనాడు ముదిగుబ్బలో అక్క ఇంటికి పోతుంది. ఆ రోజు ఈయనకు పడవ లేదు, వంట.

గుమాస్తా ఇప్పుడు ఆ లెక్క ప్రకారమే చెరువుకు వస్తున్నాడు. మాస్టారు మళ్లీ రాలేదు. మనవరాలి స్కూలు అడ్మిషను అయిపోనీ, వేసవి సెలవులు రానీ అంటున్నాడు. కథ ఇంతే.

ఈ కథకు అందరికీ తట్టే నీతి ఒకటుంది: వాయిదా వేయొద్దు, ఈ రోజే చేయి. అది ఈ కథ నీతి కాదని నా అభిప్రాయం. గుమాస్తా, మాస్టారు వాయిదా వేయక ఏం చేయగలిగేవాళ్లు? పెళ్లీడు పిల్లలు, ఇంటి లోను, ఆడిట్లు, పదో తరగతి రిజల్ట్లు. వాళ్ల తప్పు వాయిదా వేయడంలో లేదు. రిటైర్మెంటు టైము ఇస్తుందని నమ్మడంలో ఉంది. రిటైర్మెంటు పని తీసేస్తుంది, టైము ఇవ్వదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు ‘ఆఫీసుంది’ అనే ఒక గోడ చుట్టూ ఉంటుంది. ఆ గోడ అవతల పడిన కాసింత ఆదివారం మనది. గోడ పడిపోగానే ఆదివారమూ పోయింది. రిటైరైన మనిషి టైము ఊరుమ్మడి ఆస్తి. ఎవరికి అవసరమైతే వాళ్లు వచ్చి వాడుకుంటారు, ఎవరూ చెడ్డవాళ్లు కారు.

నేతగాడికి రిటైర్మెంటు లేదు, పెన్షను లేదు, పీఎఫ్ లేదు. ముగ్గురిలో పేదవాడు. అయినా పడవ ఎక్కింది ముందు అతనే. కారణం, నెలలో ఒక రోజుకు గోడ కట్టుకున్నాడు, ఆ గోడకు కారణం చెప్పడు. కారణం ఉన్న సెలవు అంతకన్నా పెద్ద కారణం రాగానే పోతుంది.

గుమాస్తా ఫైలును నేను తిప్పి చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. ఆయన అన్నిచోట్లా వయసులు గీత గీసుకున్నాడు: 65, 83. గీత గీయనివి వేరే ఉన్నాయి. 83 ఏళ్లకు పసిఫిక్ దాటిన హోరియే, ఆ సముద్రాన్ని మొదటిసారి ఒంటరిగా దాటింది 1962లో, 23వ ఏట. ఈ ముగ్గురూ పుట్టిన ఏడాది. చిచెస్టర్ 1931 నాటికే చిన్న విమానంలో టాస్మన్ సముద్రం ఒంటరిగా దాటినవాడు, 1960లో అట్లాంటిక్ తెరచాప పందెం గెలిచినవాడు. అభిలాష్ టామీ నౌకాదళం నుంచి 2021లో రిటైరై, 2023 ఏప్రిల్లో ఒంటరిగా భూమిని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో రెండోవాడిగా వచ్చాడు. నడుము విరిగిన 2018 ప్రయత్నం దానికి ముందుంది, నౌకాదళంలో గడిపిన ఏళ్లన్నీ దానికి ముందున్నాయి. వీళ్లెవరూ రిటైరయ్యాక మొదలుపెట్టినవాళ్లు కారు, రిటైరయ్యాక ఆపనివాళ్లు.

మాస్టారు ఒప్పుకోడు. ఆయన దగ్గర ఒక పేరుంది, జీన్ సాక్రటీస్. ఇంగ్లండు ఆవిడ, లెక్కలు చెప్పిన మనిషే. తెరచాప నేర్చుకుంది యాభై ఏళ్ల ప్రాంతంలో. 2019లో 77వ ఏట ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ లేకుండా భూమిని చుట్టి వచ్చింది. “లెక్కలవాళ్లు ఆలస్యంగా మొదలుపెట్టినా చేరతారు” అంటాడు. నిజమే, కాదనను. కానీ ఆవిడ, ఆవిడ భర్త పని ముందుగానే మానేసి, ఇల్లు వదిలి పడవలోకి మారారు. ఊరు వచ్చి వాకిట్లో నిలబడటానికి వాకిలే లేకుండా చేసుకున్నారు. అది కూడా గోడే. మనలో ఎవరికీ అంత గోడ చేతకాదు, అక్కర్లేదు కూడా. నెలకు ఒక రోజు చాలు.

ఆ ఒక రోజు మాత్రం నలభైలలోనే మొదలవ్వాలి. ఎండిన చెరువు దగ్గరైనా సరే మొదలవ్వాలి. అరవై రెండేళ్లకు కొత్తగా పెట్టుకున్న కట్టుబాటును ఇంట్లో ఎవరూ కట్టుబాటు అనుకోరు, చాదస్తం అనుకుంటారు. ఇరవై ఏళ్లుగా ఉన్నదాన్ని మాత్రం కోడలు కూడా క్యాలెండరులో రాసుకుంటుంది. మీది తెరచాపే కానక్కర్లేదు. హార్మోనియం కావచ్చు, శాసనాలు చదవడం కావచ్చు, పెనుకొండ కోట చుట్టూ నడవడం కావచ్చు. తెరచాపే కావాలనుకునేవాళ్లకు ఒక మాట: హైదరాబాదు హుస్సేన్ సాగర్ మీద నేర్పే క్లబ్బులు ఉన్నాయి, ఏటా వానాకాలంలో పోటీలు జరుగుతాయి, గట్టు మీద కూర్చుని చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చెరువుల్లో, జలాశయాల్లో దిగాలనుకుంటే అనుమతి తీసుకోండి, ఈత నేర్చుకోండి, ఒంటరిగా దిగకండి. 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని మరిచిపోవద్దు.

కొడుకులకు, కూతుళ్లకు ఒక మనవి. నాన్నకు ఇప్పుడు పనేముంది అనే మాట ఇంట్లో మానేయండి. ఆయన్ను కూర్చోబెట్టి, నెలలో ఏ రోజు మీది అని అడగండి. ఆ రోజు బస్సు దగ్గరికి మీరే పోండి. అమ్మను ఇంకా ముందు అడగండి. ఆమె రిటైర్మెంటు వయసు ఏ జీవోలోనూ రాయలేదు.